పదకొండు నెలల కాగితం ఎవరిని కాపాడుతోంది?

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఏడాదికి రెండు మూడుసార్లయినా ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. అద్దె ఇళ్లకు కొత్త రూల్స్ వచ్చేశాయని, రెండు నెలలకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదని, ఏడాదికి ఒక్కసారే అద్దె పెంచాలని, అరవై రోజుల్లో అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించకపోతే ఐదు వేలు ఫైన్ అని. చివర్లో "అందరికీ షేర్ చేయండి" ఎలాగూ ఉంటుంది. ఓనర్లందరికీ ఒక పూట టెన్షన్. "ఇంతకీ పెంచొచ్చా, పెంచకూడదా?" అని ఒకరు, "మా లాయర్‌ని అడిగి చెబుతా" అని ఇంకొకరు. ఆ లాయర్ ఏమన్నాడో మాత్రం ఎప్పుడూ తెలియదు.

నేను కూడా ఓనర్నే. కూకట్‌పల్లి దగ్గర సొంతిల్లు, మేం ఉండేది పోగా మిగతా పోర్షన్లు అద్దెకు. అంతకుముందు చాలా ఏళ్లు అద్దెకున్నవాణ్ణి కూడా. రెండు వైపులా చూశాక నాకు అనిపించేదేంటంటే, మనలాంటి చిన్న ఓనర్లు కొత్త రూల్స్ గురించి అనవసరంగా భయపడుతున్నారు. భయపడాల్సిన కాగితం మన బీరువాలోనే ఉంది. వంద రూపాయల స్టాంపు పేపర్ మీద రాయించుకుని, ఇది ఉంటే చాలు అనుకుంటున్న ఆ పదకొండు నెలల అగ్రిమెంట్.

ముందు ఆ ఫార్వర్డ్ సంగతి. అందులో కొన్ని మాటలు గాల్లోంచి పుట్టలేదు. 2021 జూన్ 2న కేంద్ర క్యాబినెట్ మోడల్ టెనెన్సీ యాక్ట్‌ను ఆమోదించింది. ఇంటికైతే రెండు నెలల అద్దె, షాపులాంటి వాటికైతే ఆరు నెలల అద్దె మించి డిపాజిట్ తీసుకోకూడదన్నది అందులోదే. గడువు దాటినా ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లు అన్నదీ అందులోదే. కానీ అది మోడల్ చట్టం. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో భూమి, ఓనర్-టెనెంట్ సంబంధాలు, అద్దె వసూలు అన్నీ రాష్ట్రాల జాబితాలో 18వ అంశం కింద ఉన్నాయి. రాష్ట్రం తన అసెంబ్లీలో చట్టం చేసుకుంటే తప్ప ఢిల్లీ నమూనా మన గుమ్మంలోకి రాదు. తమిళనాడు ఈ నమూనాకు ముందే, 2017లో, సొంతంగా చట్టం చేసి 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో పెట్టింది. చెన్నైలో ఇల్లున్న తెలుగువాళ్లు రెంట్ అథారిటీ (అద్దె వ్యవహారాలు చూసే ప్రభుత్వ అధికారి) దగ్గర అగ్రిమెంట్ నమోదు చేయించాల్సిందే. ఆంధ్రప్రదేశ్ కూడా 2017లోనే తన చట్టం రాసుకుంది. విజయవాడలోనో విశాఖలోనో అద్దెకిచ్చేవాళ్లు దాన్ని చూసుకోవాలి. నేను మాట్లాడేది హైదరాబాద్ గురించి, ఎందుకంటే నాకు తెలిసింది ఇదే.

ఇక్కడ ఇప్పటికీ నడుస్తున్నది 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం. ఎంత పాతదంటే, న్యాయమైన అద్దె తేల్చడానికి 1944 ఏప్రిల్ 5కి ముందు ఏడాది ఆ ప్రాంతంలో ఎంత అద్దెలుండేవో చూడమని అందులో రాసి ఉంది. అయితే 2005లో దానికో సవరణ వచ్చింది. మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటితే, మిగతా చోట్ల 2,000 దాటితే, ఆ ఇల్లు ఈ చట్టం కిందికి రాదు. ఇప్పుడు కూకట్‌పల్లిలో 3,500కి ఏం దొరుకుతుందో మీరే ఆలోచించండి. బైక్ పార్కింగ్ ఇస్తారేమో. అంటే మనం అద్దెకిచ్చే దాదాపు ప్రతి ఇల్లూ రెంట్ కంట్రోల్ బయటే ఉంది. మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, మనం టెనెంట్‌తో రాసుకున్న అగ్రిమెంట్.

అందుకే "చట్ట ప్రకారం పది శాతం కంటే పెంచకూడదంట కదా" అని ఎవరైనా అడిగితే నాకు నవ్వొస్తుంది. మన దగ్గర ఈ రేంజి ఇళ్లకు అలాంటి శాతమేమీ లేదు. ఐదు శాతం, పది శాతం అనేవి అలవాటు కొద్దీ వచ్చినవి. షాపులకు మూడేళ్లకోసారి పదిహేను శాతం అన్నదీ అంతే. దీన్ని చూసి ఓనర్లు సంబరపడక్కర్లేదు. పైన పరిమితి చెప్పే చట్టం లేదంటే, మనం ఇష్టమొచ్చినంత పెంచుకోవచ్చని కాదు. ఇద్దరూ ఒప్పుకున్న అద్దె మాత్రమే చెల్లుతుందని. ఒప్పుకున్నారని చూపించేది అగ్రిమెంటే. ఆ అగ్రిమెంట్ కోర్టులో నిలబడకపోతే పెంచిన అద్దె కూడా నిలబడదు.

అసలు మెలిక ఇక్కడుంది. పదకొండు నెలలే ఎందుకని ఎవర్నడిగినా ఒకటే జవాబు: ఏడాది లోపైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దేశంలో చాలా చోట్ల అది నిజమే. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాది దాటిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఆ సెక్షన్‌ను సవరించారు. ఏడాది అన్న షరతు తీసేసి "స్థిరాస్తి లీజులు" అని ఊరుకున్నారు. అంటే పదకొండు నెలలదైనా, ఆరు నెలలదైనా, కాగితం మీద రాసుకున్న ప్రతి లీజూ రిజిస్టర్ చేయించాలి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకూ అదే వచ్చింది. ఢిల్లీలోనో నోయిడాలోనో పుట్టిన కిటుకును మనం పాతికేళ్లుగా ఇక్కడ నమ్ముకుని కూర్చున్నాం.

దీనివల్ల ఏమవుతుందంటే, వివాదం కోర్టుకెళ్లినప్పుడు ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోరు. అదే రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ కింద ఒక చిన్న మినహాయింపు ఉంది. ఆయన మీ టెనెంటే, దొంగగా చొరబడినవాడు కాదు అని చూపించడానికి పనికొస్తుంది. అద్దె ఎంత పెరగాలి, ఎప్పుడు పెరగాలి, ఎన్నాళ్లుండాలి లాంటి అసలు షరతులకు పనికిరాదు. ఇంకోటి, వంద రూపాయల స్టాంపు పేపర్ అంటే కట్టాల్సిన డ్యూటీ కట్టినట్టు కాదు. లీజు డ్యూటీ మొత్తం అద్దె మీద లెక్కిస్తారు. తక్కువ పడితే ఆ తేడాతోపాటు పది రెట్ల దాకా పెనాల్టీ కట్టించి గానీ కాగితాన్ని ముట్టుకోరు. నోటరీ సీలు వేయించాం కదా అంటారు. నోటరీ సీలు వేరు, రిజిస్ట్రేషన్ వేరు.

మరి పదకొండు నెలలయ్యాక? చాలామంది కొత్త కాగితం రాయించరు. "అంకుల్, ఇంకో ఏడాది ఉంటాం" అంటారు, "సరే బాబూ" అంటాం, ఫోన్‌పేలో అద్దె పడుతూ ఉంటుంది. చట్టం దీన్ని నెలవారీ అద్దెగా, పాత షరతుల మీదే కొనసాగుతున్నట్టుగా చూస్తుంది. అద్దె పెంచమని మనం అడగొచ్చు, ఆయన కాదనొచ్చు. కాదంటే మనకున్న దారి పదిహేను రోజుల నోటీసు ఇచ్చి ఖాళీ చేయమనడం, చేయకపోతే సివిల్ కోర్టు. వెయ్యి రూపాయల పెంపు కోసం సివిల్ కోర్టుకు వెళ్లేవాళ్లెవరు? కరెంటు తీసేస్తా, నీళ్లు ఆపేస్తా అనే ఓనర్లూ ఉన్నారు. అది తప్పు, పైగా కేసు మన మీదికే తిరుగుతుంది.

రిజిస్టర్ చేయించమంటే ఓనర్లు ఎందుకు వెనకాడతారో నాకు తెలుసు. ఖర్చు రెండో కారణం. మొదటి కారణం భయం. "రిజిస్టర్ చేస్తే ఇంటి మీద హక్కు ఇచ్చినట్టే, పన్నెండేళ్లుంటే ఇల్లు వాళ్లదైపోతుంది." ఈ మాట మా నాన్నగారి కాలం నుంచీ వింటున్నాను. పన్నెండేళ్ల లెక్క వర్తించేది ఓనర్ హక్కును కాదని, తనదేనంటూ బహిరంగంగా అనుభవించేవాళ్లకు. అద్దెకు దిగినవాడు మన అనుమతితో ఉన్నవాడు. సాక్ష్య చట్టం ప్రకారం, దిగేనాటికి ఈ ఇల్లు మీది కాదు అని ఆయన అద్దెకుంటూ వాదించడానికే లేదు. రిజిస్టరైన లీజు ఇంకా గట్టి రుజువు: ఫలానా తేదీన, ఫలానా అద్దెకు, ఫలానా గడువుకు, మీ టెనెంట్‌గా దిగాడని ప్రభుత్వ రికార్డులోనే ఉంటుంది. ఏ కాగితమూ లేకుండా ఏళ్ల తరబడి చేతికి డబ్బు తీసుకుంటూ, రసీదు ఇవ్వకుండా ఉన్న ఓనరే ఇబ్బందిలో పడతాడు.

ఇక పెంపు క్లాజు. జిరాక్స్ షాపులో దొరికే రెడీమేడ్ ఫార్మాట్ ఎప్పుడైనా శ్రద్ధగా చదివారా? పేర్లు మార్చి ప్రింట్ తీసిస్తారు. నేను చూసిన ఒకదాంట్లో ఆరో పేరాలో ఇంకెవరిదో ఇంటి నంబరు మిగిలిపోయి ఉంది. పెంపు దగ్గర మాత్రం అన్నింట్లో ఒకే వాక్యం: పదకొండు నెలలు పూర్తయ్యాక పరస్పర అంగీకారంతో ఐదు శాతం పెంచాలి. ఐదు శాతం దేని మీద? పరస్పర అంగీకారం కుదరకపోతే? గడువు ముగిసిపోయిన అగ్రిమెంట్‌లోని షరతు, గడువు ముగిశాక ఎలా పనిచేస్తుంది?

మా తోడల్లుడికి మియాపూర్‌లో 1,250 చదరపు అడుగుల ఫ్లాట్ ఉంది. అద్దె 22,000, మెయింటెనెన్స్ అడుగుకు 3 రూపాయల చొప్పున 3,750. అగ్రిమెంట్‌లో రెండూ కలిపి 25,750 అని రాశారు. పెంచే నెల వచ్చింది. ఈయన మొత్తం మీద ఐదు శాతం వేసి టెనెంట్ అబ్బాయిని 1,287 అడిగాడు.

"అంకుల్, ఐదు శాతం అద్దె మీదేగా? మెయింటెనెన్స్ మీద మీకెందుకు?"

"అగ్రిమెంట్‌లో 25,750 అనే ఉంది కదా బాబూ."

"మెయింటెనెన్స్ అసోసియేషన్‌కి పోతుంది కదా అంకుల్, వాళ్లు పెంచితే అప్పుడిస్తాం."

ఆ అబ్బాయి లెక్క ప్రకారం 1,100. తేడా 187 రూపాయలు. మాటా మాటా పెరిగి వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఫ్లాట్ రెండు నెలలు ఖాళీ. ఖాళీగా ఉన్నా అసోసియేషన్ ఊరుకోదు కాబట్టి అద్దె పోగా మెయింటెనెన్స్ కూడా చేతి నుంచే. మొత్తం 51,500. రంగులు, బ్రోకర్ కమిషన్ దీనికి అదనం. టెనెంట్ మొండివాడని మా తోడల్లుడు ఇప్పటికీ అంటాడు. నా దృష్టిలో తప్పు ఆ వాక్యానిది.

నేను శాతం రాయను. రూపాయలు, తేదీలు రాస్తాను. "2026 జూన్ 1 నుంచి 2027 మే 31 వరకు నెలకు 22,000. 2027 జూన్ 1 నుంచి 2028 మే 31 వరకు నెలకు 23,100. 2028 జూన్ 1 నుంచి 2029 మే 31 వరకు నెలకు 24,255. మెయింటెనెన్స్ అసోసియేషన్ నిర్ణయించిన మేరకు టెనెంట్ నేరుగా అసోసియేషన్‌కు కడతారు, అది అద్దెలో భాగం కాదు." ఇంతే. మూడేళ్లకు అగ్రిమెంట్, ఎవరు కావాలన్నా రెండు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పి బయటికి రావచ్చు. చెప్పకుండా వెళ్తే డిపాజిట్‌లోంచి ఎంత పట్టుకుంటామో, రంగుల కింద ఎంత మినహాయిస్తామో కూడా రూపాయల్లోనే. జూన్ వచ్చినప్పుడు "ఈసారి కొంచెం చూసుకోండి అంకుల్" అనే సంభాషణే రాదు. నెల ముందు ఒక గుర్తుచేసే మెసేజ్ పెడితే చాలు.

మోడల్ చట్టం కూడా ఇదే చెబుతోంది, ఫార్వర్డులు పంపేవాళ్లు గమనించరు గానీ. నిర్ణీత గడువుకు ఇచ్చిన ఇంట్లో, పెంపు ఎంతో, దాన్ని ఎలా లెక్కించాలో అగ్రిమెంట్‌లో స్పష్టంగా ఉంటే తప్ప మధ్యలో పెంచడానికి లేదు. అగ్రిమెంట్‌లో వేరే ఏమీ లేకపోతే మూడు నెలల ముందు రాతపూర్వక నోటీసు. రేపు తెలంగాణ అలాంటి చట్టం చేసినా, తేదీలతో రూపాయలు రాసి రిజిస్టర్ చేయించుకున్న ఓనర్‌కు పెద్దగా మారేదేమీ ఉండదు. రెంట్ అథారిటీ దగ్గర ఒక నమోదు పెరుగుతుందంతే. పదకొండు నెలల కాగితం పట్టుకున్నవాళ్లే అన్నీ మళ్లీ మొదలుపెట్టాలి.

మా అక్క కొడుకు కెనడాలో, బ్రాంప్టన్‌లో ఉంటాడు. అక్కడో ఇల్లు అద్దెకిచ్చాడు. ఒంటారియోలో ప్రభుత్వమే ఏటా శాతం ప్రకటిస్తుంది: 2025కి 2.5, 2026కి 2.1. పన్నెండు నెలలకోసారే పెంచాలి, ఎన్1 అనే ఫారం 90 రోజుల ముందు చేతికివ్వాలి. 2018 నవంబర్ 15 తర్వాత మొదటిసారి ఎవరైనా నివాసమున్న కొత్త ఇళ్లకు ఆ శాతం పట్టింపు లేదు గానీ ఫారం, 90 రోజులు మాత్రం తప్పవు. "మామయ్యా, మీకైతే హాయి, రూల్సే లేవు" అంటాడు వాడు. హాయి ఏమీ లేదు. వాడికి ప్రభుత్వం రాసిపెట్టిన షరతుల్ని ఇక్కడ మనమే రాసుకోవాలి. రాసుకోకపోతే ప్రతి ఏడాదీ గుమ్మం దగ్గర బేరం.

బేరమంటే గుర్తొచ్చింది. ఐటీ కంపెనీలు మళ్లీ ఆఫీసులకు పిలిచాక గచ్చిబౌలి, కొండాపూర్ వైపు అద్దెలు ఎలా ఎగిరాయో అందరం చూశాం. అప్పుడు "మార్కెట్ 28,000 నడుస్తోంది, నేను 23,100కి ఎందుకివ్వాలి?" అన్నది న్యాయమైన ప్రశ్నే. నేను వేసుకునే లెక్క ఇది. ఐదుకు బదులు పది శాతం అడిగితే నాకు నెలకు అదనంగా వచ్చేది 1,100. ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే పోయేది 22,000, అంటే ఇరవై నెలల అదనం. పైన రంగులు, టూలెట్ బోర్డు చూసి వచ్చే ఫోన్లు, చూపించడానికి తిరగడం. సమయానికి అద్దె వేసి, గోడలకు మేకులు కొట్టకుండా ఉండే కుటుంబం దొరికాక మార్కెట్ రేటు వెంట పరిగెత్తడం చాలాసార్లు గిట్టుబాటు కాదు. తేడా మరీ ఎక్కువైతే మూడేళ్ల గడువు ముగిసినప్పుడు కొత్త రేటుకు రాసుకోవచ్చు. అదే 2020లో లాగా మార్కెట్ పడిపోతే, తగ్గించి తీసుకోవడానికి మనకెవరి అనుమతీ అక్కర్లేదు. "ఈ ఆరు నెలలు ఇంత చాలు, ఆ తర్వాత అగ్రిమెంట్ ప్రకారమే" అని సంతకం పెట్టి ఒక కాగితం ఇస్తే ఇద్దరికీ మంచిది.

రిజిస్ట్రేషన్‌కు అసలైన అడ్డంకి ఇంకొకటుంది. ఎవరూ పైకి అనరు గానీ, అది ఇన్‌కమ్ ట్యాక్స్. ఫిబ్రవరి, మార్చి నెలల్లో టెనెంట్ పాన్ నంబర్ అడిగితే మొహం మాడ్చుకునే ఓనర్లు నాకు చాలామంది తెలుసు. ఏడాది అద్దె లక్ష దాటితే హెచ్ఆర్ఏ (జీతంలోని ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు క్లెయిమ్‌కు ఓనర్ పాన్ ఇవ్వాల్సిందే. లక్ష అంటే నెలకు 8,333. ఆ అబ్బాయి ఇవ్వక తప్పదు, మనం దాచినా దాగదు. పైగా చాలామంది భయపడేంత పన్ను కూడా పడదు. నెలకు 22,000 అంటే ఏడాదికి 2,64,000. అందులో 30 శాతం, అంటే 79,200, రిపేర్లు చేయించినా చేయించకపోయినా మినహాయింపే. కట్టిన ప్రాపర్టీ ట్యాక్స్ కూడా తీసేయొచ్చు. మిగిలేది 1,84,800 లోపే. 2025-26 నుంచి కొత్త విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షల దాకా రిబేటు వల్ల పన్నే లేదు. పెన్షన్‌తో బతికే రిటైర్డ్ ఉద్యోగి పాన్ దాచుకుని సాధించేది, మంచి టెనెంట్‌ను పోగొట్టుకోవడమే.

నెల అద్దె 50,000 దాటితే టెనెంటే టీడీఎస్ పట్టాలి, అంటే అద్దెలోంచి పన్ను కోసి ప్రభుత్వానికి కట్టాలి. 2024 అక్టోబర్ 1 నుంచి ఇది 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గింది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి సెక్షన్ నంబర్లు మారతాయి, పాత నంబర్లతో ఉన్న క్లాజును కాపీ కొట్టకండి. కింద షాపు ఇచ్చినవాళ్లకు ఇంకో సంగతి: మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోయినా మీ టెనెంట్‌కు ఉంటే, 2024 అక్టోబర్ 10 నుంచి ఆ అద్దె మీద 18 శాతం ఆయనే నేరుగా కట్టే పద్ధతి వచ్చింది. కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లకు తర్వాత మినహాయింపు ఇచ్చారు. "జీఎస్టీ ఎవరిది" అన్న వాక్యం షాపు అగ్రిమెంట్‌లో లేకపోతే ఆ 18 శాతాన్ని అద్దెలోంచి కోస్తామనేవాళ్లు ఉంటారు.

అన్నిటికంటే చిక్కు, ఓనర్ అమెరికాలో ఉండి ఫ్లాట్ ఇక్కడ ఉన్నప్పుడు. హైదరాబాద్ వెస్ట్‌లో ఏ అపార్ట్‌మెంట్‌కు వెళ్లినా అలాంటివి కనిపిస్తాయి. ఓనర్ ఎన్ఆర్ఐ అయితే 50,000 పరిమితి వర్తించదు. మొదటి రూపాయి నుంచీ టెనెంట్ మామూలుగా 31.2 శాతం పట్టి కట్టాలి, దానికి ఆయన ట్యాన్ (టీడీఎస్ కట్టేవాళ్లకు ఇచ్చే ప్రత్యేక నంబర్) తీసుకోవాలి. అద్దెకు దిగే సాఫ్ట్‌వేర్ అబ్బాయికి ఇది తెలియదు. ఓనర్లేమో తమ నాన్నగారి పేరు మీద అగ్రిమెంట్ రాయించి, ఆయన ఖాతాలోనే అద్దె వేయించుకుని సర్దుకుపోతుంటారు. నోటీసు వస్తే అది ముందుగా టెనెంట్‌కే వస్తుంది. ఫ్లాట్ ఎవరి పేరున ఉందో అగ్రిమెంట్ వాళ్ల పేరునే ఉండాలి. నాన్నగారు సంతకం పెట్టాలంటే పవర్ ఆఫ్ అటార్నీ ఉండాలి. అది లేకుండా చేసిన అగ్రిమెంట్‌లో పెంపు ఎంత రాసుకున్నా లాభం లేదు.

ఖర్చు సంగతి చెప్పలేదు కదూ. స్టాంపు డ్యూటీ, ఫీజు స్లాబులు గడువును బట్టి, ఇల్లా షాపా అన్నదాన్ని బట్టి మారతాయి. మధ్యలో సవరిస్తుంటారు కూడా. వెళ్లే వారం రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకుని స్లాట్ బుక్ చేసుకుంటే సరిపోతుంది. ఇంటి లీజుకు అయ్యేది ఒక నెల అద్దెలో చిన్న భాగమే. నేను సగం పెట్టుకుంటాను, సగం టెనెంట్‌ను పెట్టమంటాను. ఎవరైనా "అంకుల్, అవసరమా ఇదంతా?" అంటే, మూడేళ్ల దాకా మీ అద్దె నేనూ ఇంతకు మించి పెంచలేను, అది మీకే కదా మేలు అంటాను. చాలామంది వెంటనే ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లలో కొందరు ఆరేడు నెలలకే వెళ్లిపోయే ప్లానులో ఉన్నవాళ్లు. వాళ్లతో కాగితం లేకుండా, నెలనెలా అద్దెకు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ మీద మాట్లాడుకుంటాను. నెలవారీ అద్దెకు నోటిమాట, తాళం చేతికివ్వడం చట్టానికి సరిపోతాయి. రిజిస్టర్ చేయని స్టాంపు పేపర్ కంటే అది నయం.